ఒక్కో రంగుకు ఒక్కో ఫైలా? కరపత్రంలో గుర్తు తారుమారు కాక ఏమవుతుంది!

అందరికీ నమస్కారం. ముందే తేల్చి చెబుతున్నాను, కోపం వచ్చినవారు వీడియో చివరిదాకా చూసి ఆ తరువాత తిట్టండి: మన డీటీపీ, ఫ్లెక్సీ షాపులను ముంచుతున్నది కస్టమర్ చాదస్తం కాదు, అక్షర దోషాలు కావు, ఒక్కో నమూనాకు ఒక్కో ఫైల్ పుట్టించే అలవాటు.

2025 డిసెంబరు పంచాయతీ ఎన్నికల్లో మన నల్లగొండ వైపు ఒక సర్పంచ్ అభ్యర్థి కరపత్రం ముందువైపు ఉంగరంతో, వెనుకవైపు కత్తెరతో అచ్చయిందన్న గొడవ మీకు తెలిసిందే. డిజైనర్ నిద్రమత్తులో ఉన్నాడని కొందరు, అభ్యర్థి ప్రూఫ్ (అచ్చుకు ముందు చూపే ప్రతి) చూసుకోలేదని కొందరు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. రెండూ పసలేని వాదనలే. ఈ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు. నామినేషన్ల ఉపసంహరణ ముగిశాక గానీ అభ్యర్థికి గుర్తు దక్కదు. ఆలోగా ఫొటో, పేరు, నినాదం సిద్ధం చేసి, గుర్తు ఉండవలసిన చోట తాత్కాలికంగా ఏదో ఒక బొమ్మ పెట్టి, ఆ డిజైన్‌ను ఎర్రదొకటి, పచ్చదొకటి, వెనుకవైపుకొకటి అంటూ ముక్కలు ముక్కలుగా సేవ్ చేసి పెడతారు. అసలు గుర్తు వచ్చిన రాత్రి అన్నింటినీ తెరిచి మార్చాలి. ఒకటి మిగిలిపోతుంది. మిగలకపోతేనే ఆశ్చర్యపడాలి!

అలాంటి ఫోల్డర్ ఒకటి తెరిచి చూడండి. 'సర్పంచ్ ఫైనల్', 'సర్పంచ్ ఫైనల్ కొత్తది', 'సర్పంచ్ ఫైనల్ అన్నకు నచ్చింది', వాటి పక్కన మనం డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్ కోరెల్ డ్రా తనంతట తాను తయారుచేసిన 'బ్యాకప్ ఆఫ్' ఫైల్. ఆ బ్యాకప్ ఒక్క అడుగు వెనక్కి మాత్రమే తీసుకెళుతుంది. మళ్లీ సేవ్ నొక్కితే అదీ మారిపోతుంది. వీటన్నింటికంటే ఘోరం ఇంకొకటుంది. ప్రెస్‌లో అను అనే తెలుగు ఫాంట్లు ఉంటాయో ఉండవోనని అక్షరాలను కర్వ్స్‌గా, అంటే గీతల బొమ్మలుగా మార్చి, అసలు ఫైల్ మీదనే సేవ్ చేసేవారున్నారు. తెల్లవారి వార్డు నంబరు తప్పని ఫోన్ వస్తే, అక్కడ దిద్దడానికి అక్షరాలే ఉండవు, గీతలుంటాయి.

పుట్టపాకలో తేలియా రుమాల్ అనే చేనేత వస్త్రం నేసేవారిని చూసి సిగ్గుపడాలి మనం. 2020లో భౌగోళిక గుర్తింపు దక్కిన ఆ ఇక్కత్ (నేయకముందే నూలుకు రంగులద్దే) పనిలో రంగులు ఎన్ని మార్చినా నమూనా గీసుకున్న గ్రాఫ్ కాగితం ఒక్కటే. కంప్యూటర్ ముందు కూర్చున్న మనకే ఆ తెలివి లేకపోయింది.

ఫొటోషాప్‌లో లేయర్ కాంప్స్ 2003 నుంచీ ఉన్నాయి. ఏ లేయర్ (డిజైన్‌లోని పొర) కనబడాలి, ఏది దాగాలి, ఎక్కడ ఉండాలి అన్నది పేరు పెట్టి గుర్తుంచుకుంటాయి కనుక ఒకే ఫైల్‌లో ఎర్రదీ పచ్చదీ రెండూ ఇమిడిపోతాయి. గుర్తు బొమ్మను విడి ఫైల్‌గా ఉంచి, లింక్ చేసిన స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా, అంటే ఆ విడి ఫైల్‌కు ముడివేసిన బొమ్మగా కరపత్రంలోనూ ఫ్లెక్సీలోనూ పెడితే, ఆ ఒక్క ఫైల్ మార్చి మిగతావాటిలో అప్‌డేట్ నొక్కితే సరిపోతుంది. ఈ సదుపాయం 2014లోనే వచ్చింది. కోరెల్ వాడేవారు మాస్టర్ లేయర్ మీద పెట్టిన బొమ్మ పేజీలన్నింటిలోనూ కనిపిస్తుంది.

మరి పాత వెర్షన్లను పద్ధతిగా దాచుకోవడం మనకెవరూ ఎందుకు నేర్పలేదు? నా అనుమానం నాది. ఫొటోషాప్ తయారుచేసే అడోబీ 2003లో వెర్షన్ క్యూ అనే పనిముట్టు ఇచ్చింది, పాత వెర్షన్లన్నీ మన కంప్యూటర్లోనే భద్రంగా ఉండేవి. 2010లో తన సాఫ్ట్‌వేర్ల కొత్త విడుదల సీఎస్5 వచ్చేసరికి దాన్ని ఎత్తేసింది. 2013లో ఇకపై కొత్త వెర్షన్లు చందా పద్ధతిలోనే అని ప్రకటించింది. ఇప్పుడు పాత వెర్షన్ల చరిత్ర కావాలంటే ఫైల్‌ను వారి క్లౌడ్‌లో పెట్టుకోవాలి. ఇది కాకతాళీయమంటే నేను నమ్మను, మీరు నమ్మితే మీ ఇష్టం.

క్లౌడ్‌కు చందా కట్టలేనివారు రంగులన్నీ ఇమిడిన ఆ ఒక్క ఫైల్‌నే మార్పు జరిగిన ప్రతిసారీ తేదీ, వరుస సంఖ్యతో సేవ్ చేయండి, కర్వ్స్ చేసిన ప్రతిని వేరే ఫోల్డర్లో పెట్టండి. వాట్సాప్‌లో పంపే ప్రతి ప్రూఫ్ మూలన కూడా అదే సంఖ్య ఉండాలి. కస్టమర్ ఆ సంఖ్య టైప్ చేసి ఓకే అనాలి. బొటనవేలి బొమ్మ పెడితే, ఆయన ఎంత పెద్ద అన్న అయినా సరే, ప్రింట్‌కు పంపకండి.