కొత్త అల్లుడు ఎందుకు తినడం లేదు?

(అమలాపురంలో డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఫోబియా అనగానే బల్లి, చీకటి, ఎత్తు గుర్తొస్తాయి. ప్రేమకీ పెళ్లికీ అడ్డుపడే భయాలూ ఉన్నాయి. ప్రేమలో పడాలంటే భయం ఫిలోఫోబియా, పెళ్లంటే భయం గామోఫోబియా, ఎవరైనా ముట్టుకుంటే భయం హాఫెఫోబియా. ఇంటికెళ్లి గూగుల్ చేసి ‘నాకు మూడూ ఉన్నాయి’ అనుకోకండి. మానసిక జబ్బులను గుర్తించడానికి డాక్టర్లు వాడే అమెరికన్ పుస్తకం డీఎస్ఎమ్-5 (2013)లో ఇవి విడివిడి జబ్బులు కావు. అసలు ప్రమాదాన్ని మించిన భయం సాధారణంగా ఆరు నెలలకు పైగా ఉండి, రోజువారీ జీవితానికి అడ్డుపడితేనే డాక్టర్లు ఫోబియా అంటారు. పెళ్లిచూపుల్లో చేతులు చెమట పట్టడం ఫోబియా కాదు, పెళ్లిచూపులంటేనే అంత.

మన ప్రాంతంలో బాగా ఇబ్బంది పెట్టగల భయం ఒకటి చెబుతాను. వాంతి అవుతుందేమోనన్న భయం, ఎమెటోఫోబియా. ఇది ఉన్నవాళ్లలో కొందరు బయట తినరు, ప్రయాణానికి ముందు అసలు తినరు. కొందరు ఆడవాళ్లు వేవిళ్లకు భయపడి గర్భాన్నే వాయిదా వేస్తారు. అలాంటి అబ్బాయి సంక్రాంతికి గోదావరి అత్తారింటికి వచ్చాడనుకోండి. ముందు అరిటాకు, చుట్టూ పదిమంది, ‘మొహమాటపడకండి బాబూ, ఇంకొక్క పూర్ణం’ అంటూ అత్తగారు. అతను ఆకు మడిచేస్తాడు. మావగారికి అది పొగరు, అత్తగారికి తన వంట నచ్చకపోవడం, ఆ అమ్మాయికి తానే నచ్చకపోవడం. భయమని ఎవరికీ తట్టదు. అతనూ నోరు విప్పడు, మగాడు వాంతికి భయపడితే నవ్వరూ మరి!

లేచి వెళ్లిపోగానే ప్రాణం కుదుటపడుతుంది. ఆ హాయి వల్లే భయం ముదురుతుంది, ఎందుకంటే తింటే ఏమీ కాదని తెలుసుకునే అవకాశమే పోయింది. ప్రతి విందులోనూ ‘ఆయనకి ఒంట్లో బాలేదు’ అని కాపాడే భార్య ప్రేమతోనే ఆ పని చేస్తుంది, భయానికి మాత్రం మేత వేస్తుంది. నీళ్ల భయంతో సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కలేక చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి నరసాపురం వెళ్లే మనిషిదీ ఇదే కథ.

‘పెళ్లి చేసేస్తే అన్నీ పోతాయి’ అనే పెద్దల మాట నేను ఒప్పుకోను. పనిచేసేది మెట్లు మెట్లుగా భయాన్ని ఎదుర్కోవడం. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వవేత్త, కుందేలంటే హడలిపోయే పీటర్ అనే పిల్లాడికి ఇష్టమైనది తినిపిస్తూ కుందేలును కొంచెం కొంచెం దగ్గరికి తెచ్చారు. చివరికి వాడు దాన్ని నిమిరాడు. మన అల్లుడైతే మొదట భార్యతో టీ, తర్వాత రద్దీ లేని వేళ హోటల్లో ఒక ఇడ్లీ, ఎప్పటికో పెళ్లి భోజనం. అత్తగారు చేయగల సాయం, కొసరి వడ్డించకపోవడం. గోదావరి వాళ్లకి ఇది కష్టమే!

స్పర్శ భయం విషయంలో మాత్రం జాగ్రత్త. దాని వెనక పాత వేధింపు ఉండొచ్చు. ‘భయం పోగొడతా’ అని చెయ్యి పట్టుకోవడం చికిత్స కాదు, దౌర్జన్యం. అలాంటప్పుడు క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికే వెళ్లాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం, టెలీ మానస్ నంబరు 14416 ఉంది. ఉచితం, రోజంతా పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇప్పుడు మీ ప్రశ్నలు. చీటీ మీద రాసి పంపండి, పేరు రాయక్కర్లేదు.