కొండమేకకు కావలసింది బండ, ఉప్పు

శ్రోతలకు నమస్కారం. సింహాచలం కొండ వాలుల్లో మేకలు బండలెక్కి నిలబడటం విశాఖ వాళ్ళకు కొత్త కాదు. ఈ రోజు నేను చెప్పే కొండమేక మాత్రం చాలా దూరపుది. ఉత్తర అమెరికాలో, రాకీ పర్వతాల నుంచి అలాస్కా దాకా ఉంటుంది. పేరుకు మేకే గానీ మన పెంపుడు మేకల జాతి కాదు. తెల్లటి దట్టమైన బొచ్చు, గడ్డం, నల్లటి పొట్టి కొమ్ములు.

అది తిరిగే చోటు చూస్తే మనకు కళ్ళు తిరుగుతాయి. చెట్లు మొలవడం ఆగిపోయే ఎత్తుకు పైన, నిట్టనిలువు బండలు. మేత తక్కువ, చలి ఎక్కువ. మరి అక్కడే ఎందుకుంటుంది? తోడేళ్ళు, ఎలుగుబంట్లు అక్కడికి సులువుగా రాలేవు. ఎంత పచ్చటి గడ్డి ఉన్నా, పారిపోవడానికి దగ్గర్లో బండ లేకపోతే అక్కడ దానికి భయమే. గిట్టలూ అందుకు తగ్గట్టే ఉంటాయి. గట్టి అంచు రాతి పగుళ్ళను పట్టుకుంటుంది, లోపలి మెత్తటి భాగం రబ్బరులా అదుముకుని జారనివ్వదు. మే, జూన్ నెలల్లో పుట్టే పిల్లలు కొన్ని గంటల్లోనే బండలెక్కడం మొదలుపెడతాయి. పిల్ల జారితే ఆపడానికి తల్లి దానికి దిగువన నిలబడుతుంది. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. అయినా మంచుచరియలు విరిగిపడి కొన్ని చనిపోతూనే ఉంటాయి.

అంత భద్రమైన చోటు వదిలి, ప్రాణానికి తెగించి అది దిగి వచ్చేది ఉప్పు కోసం. ఆ ఎత్తుల్లో మొక్కల్లో సోడియం, అంటే ఉప్పులో ఉండే ఖనిజం, బాగా తక్కువ. అందుకే వేసవిలో కిలోమీటర్ల దూరం నడిచి, అడవులు దాటి వచ్చి ఉప్పుమట్టి నాకుతుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో ఇప్పుడు ఒలింపిక్ నేషనల్ పార్కు ఉన్న ప్రాంతంలో 1920లలో వీటిని తెచ్చి వదిలారు. అక్కడ ఉప్పు నేలలు లేవు. దాంతో కొండలెక్కడానికి వచ్చేవాళ్ళ చెమట, మూత్రంలోని ఉప్పు కోసం వెంటపడటం అలవాటైంది. 2010లో ఒక మేక పొడవడంతో ఒకాయన చనిపోయాడు. చివరికి 2018 నుంచి 2020 దాకా 300కు పైగా మేకలను హెలికాప్టర్ల సాయంతో పట్టి అదే రాష్ట్రంలోని కాస్కేడ్ పర్వతాలకు తరలించారు. తప్పు మేకలది కాదు, వాటికి సరిపడని చోట తెచ్చి వదిలినవాళ్ళది.

మన దేశంలోనూ బండలను నమ్ముకున్న జీవి ఉంది. అది పడమటి కనుమల్లోని నీలగిరి తార్ అనే మేకలాంటి అడవి జంతువు. తమిళనాడు రాష్ట్ర జంతువు. గడ్డి మైదానంలో మేస్తూ, చిరుత అలికిడి వింటే బండల్లోకి దూకుతుంది. దాన్ని చూడాలంటే కేరళలో మున్నార్ దగ్గరి ఇరవికులం పార్కుకు వెళ్ళాలి. తార్లు ఈనే కాలమని ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆ పార్కును మూసేస్తారు. ప్రయాణం పెట్టుకునేవారు టికెట్లు తీసుకునే ముందే ఆ తేదీలు కనుక్కోండి.