అరకు రివ్యూ: బొర్రా గుహల్లో ఆ రంగు లైట్లు తీసేయండి!

నమస్తే అండి. ముందే చెప్పేస్తున్నా, ఈసారి అరకులో మా బస ఒక రిసార్ట్ వాళ్లు ఉచితంగా ఇచ్చారు. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వచ్చాయి. దాని సంగతి అంతే. టైమింగులు, టికెట్ రేట్లు మీరు వేరే వీడియోల్లో చూసే ఉంటారు, వాటి జోలికి వెళ్లను. ఇవాళ బొర్రా గుహల గురించి మాట్లాడాలి.

ఇదిగో, మెట్లు దిగి లోపలికొచ్చాక ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి. గుహ ముఖద్వారంలోంచి పగటి వెలుగు ఎంత లోపలికి వస్తోందో! ఆ వెలుగులో రాయి అసలు రంగు తెలుస్తోంది. బూడిద రంగు, తేనె రంగు, మధ్యమధ్యలో తుప్పు చారలు. ఇదంతా సున్నపురాయి. పైనుంచి ఇంకే వాననీరు దాన్ని కరిగించుకుంటూ దిగి, చుక్క రాలే చోట కాస్త సున్నం వదిలిపోతుంది. వేల ఏళ్లు అలా జరిగితే పైన ఊడలు వేలాడతాయి, కింద దిమ్మెలు లేస్తాయి. ఈ ఊడ కొనను జూమ్ చేస్తున్నా, నీటిచుక్క కనిపించిందా? అంటే ఇది ఇంకా పెరుగుతూనే ఉంది. దయచేసి ముట్టుకోకండి, చేతి జిడ్డు అంటితే పాడైపోతుంది.

ఇంకాస్త లోపలికి వెళ్తే ఆకుపచ్చ లైటు, పక్కన గులాబీ, ఆ పైన నీలం. నాకు ఒళ్లు మండేది ఇక్కడే! పెళ్లి మండపానికి వేసినట్టు వేస్తే రాయి రంగు ఎలా తెలుస్తుందండీ? పైగా గుహల్లో రోజూ లైటు పడే చోట పాచి పడుతుంది. నంద్యాల జిల్లా బెలుం గుహలు చూశాను. అక్కడ మూడు కిలోమీటర్లకు పైగా సొరంగ దారులు, ఉక్కపోత, గొట్టాలతో లోపలికి గాలి పంపుతారు. అక్కడ నడకే అనుభవం, దారి కనిపిస్తే చాలు. బొర్రాలో అలా కాదు, తలెత్తి చూడటమే అంతా. ఇక్కడ మామూలు తెల్ల లైటు చాలు, అదీ తక్కువగా.

మిగతావి గబగబా చెప్పేస్తా. విశాఖ నుంచి రైల్లోనే రండి. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం కోసం 1960ల్లో వేసిన లైను ఇది, సొరంగం దాటగానే లోయ, మళ్లీ సొరంగం, పిల్లలు కేకలే కేకలు. పద్మాపురం గార్డెన్ ఫరవాలేదు. గిరిజన మ్యూజియం తప్పకుండా చూడండి. చాపరాయి వాగు దగ్గర రాళ్లు జారుడు, జాగ్రత్త. బొంగు చికెన్ మీ కళ్ల ముందు కాల్చిస్తేనే తినండి. 2019లో జీఐ, అంటే ఫలానా ప్రాంతపు ప్రత్యేక ఉత్పత్తి అనే గుర్తింపు, వచ్చిన అరకు కాఫీ పొడి మాత్రం కొనకుండా రాకండి.

బొర్రాకు పదికి ఎనిమిది ఇస్తున్నా, ఆ రెండు మార్కులూ లైట్లకే పోయాయి. అయినా వెళ్లండి. బొర్రా గుహలు స్టేషన్‌లోనే దిగి, పగటి వెలుగు ఉండగానే చూసేసి, తర్వాత రోడ్డు మీదుగా అరకు చేరండి. నిర్వహించేవాళ్లు ఎవరైనా ఈ వీడియో చూస్తుంటే, ఒక్క వారం ఆ రంగు లైట్లు ఆపి చూడండి. నా ఖర్చులతో నేనే వచ్చి ఇంకో రివ్యూ చేస్తాను.