సీసాలో పోయిన నీలం రంగు

శ్రోతలకు నమస్కారం. పారే నీటికి దోషం లేదని మన పెద్దలు చెబుతుంటారు. ఆ మాట మన కర్నూలులో హంద్రీ నదికి ఎంతవరకు చెల్లుతుందన్నదే ఈనాటి నా ప్రసంగ విషయం.

హంద్రీ మన ఊరి గుండా వచ్చి తుంగభద్రలో కలుస్తుంది. 2009 అక్టోబరులో వరద ఊరిని ముంచెత్తినప్పుడు నదులను గురించి మాట్లాడనివారు లేరు. వరద తీశాక, ఆ నదిలోకి మనం ఏమి వదులుతున్నామో మాట్లాడేవారు కనిపించలేదు.

బడిలో సైన్సు చెప్పే రోజుల్లో నేనొక ప్రయోగం చేయించేవాణ్ణి. రెండు గాజు సీసాలు తీసుకొని, ఒకదానిలో సుంకేసుల వైపు నుంచి తెచ్చిన తుంగభద్ర నీటిని, రెండవదానిలో మురుగు కాలువ కలిసేచోట పట్టిన హంద్రీ నీటిని నిండుగా నింపి, ఒక్కొక్క దానిలో మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు కొన్ని చుక్కలు వేసి, గాలి చొరకుండా మూత బిగించి, చీకటి అలమరలో పెట్టేవాళ్లం. ఉదయం రెండూ నీలమే. సాయంత్రం బడి వదిలే వేళకు హంద్రీ సీసాలో నీలం పోయింది! తుంగభద్ర సీసా నాలుగవ రోజున కూడా నీలంగానే ఉంది. "నీలం ఎక్కడికి పోయింది సార్?" అని ఒక పిల్ల అడిగింది. మూత తీసి, కొంత నీరు ఒంపి, సీసాను గట్టిగా కుదిపి చూపించాను. నీలం తిరిగి వచ్చింది.

జరిగినది ఇది. మురుగును తినే సూక్ష్మజీవులు నీటిలో కరిగిన ప్రాణవాయువును వాడుకుంటాయి. అది అయిపోగానే రంగు పోతుంది, గాలి కలిస్తే మళ్లీ వస్తుంది. బండల మీద దూకే ఏరు చేసే పని ఆ కుదుపే. అయితే ఎండాకాలపు హంద్రీకి దూకడానికి నీరేది? పైగా నీరు వేడెక్కినకొద్దీ దానిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది. మన ఎండలు మీకు తెలియనివి కావు.

స్నానానికి తగిన నీటిలో లీటరుకు కనీసం 5 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉండాలనీ, మురుగు కోరే ప్రాణవాయువు 3 మిల్లీగ్రాములు దాటకూడదనీ ప్రమాణం. ఇళ్ల నుంచి వచ్చే మురుగు కోరేది సుమారు 200 నుంచి 300. అంటే ఒక బిందె మురుగును కడగాలంటే సుమారు 100 బిందెల వరకు మంచినీరు కావాలి. గోదావరి తీరంలో ఆ 100 బిందెలు దొరకవచ్చు. ఏప్రిల్ నెల హంద్రీలో దొరకవు. మళ్లీ చెబుతున్నాను, దొరకవు. కాబట్టి మురుగును నదిలో చేరకముందే ఆపాలి, శుద్ధి కేంద్రానికి చేర్చాలి.

పెద్ద పనులు ప్రభుత్వానివి. ఇంటివారి పని ఒక్కటి చెబుతాను. మీ సెప్టిక్ ట్యాంకు గొట్టం ఎక్కడ తెరుచుకుంటున్నదో ఈ ఆదివారం వెళ్లి చూడండి. ట్యాంకు గట్టి మలినాన్ని అడుగుకు దించుతుందే గాని, బయటికి వచ్చే నీటిని శుభ్రం చేయదు. ఆ నీరు వీధి కాలువలోకి పోతుంటే, అది హంద్రీలోకే పోతుంది. బావికీ బోరుకూ దూరంగా ఇంకుడు గుంత తవ్వించి దానిలోకి మళ్లించండి; రేగడి నేలలో నీరు సరిగా ఇంకదు కనుక, అక్కడివారు భూగర్భ మురుగు కాలువ ఉన్నచోట దానికే కలిపించుకోవడం మేలు. రెండు మూడేళ్లకొకసారి ట్యాంకు ఖాళీ చేయించండి. ఖాళీ చేసే బండి వచ్చినప్పుడు, ఇదంతా ఎక్కడ పోస్తావు నాయనా అని ఆ డ్రైవరును అడగండి. శుద్ధి కేంద్రం పేరు చెప్పకుండా వంక వైపు చేయి చూపిస్తే, బండిని వెనక్కి పంపించండి.