మోకాలి మార్పిడి వీడియోలు: ఏవి చూడొచ్చు, ఏవి దాటేయొచ్చు

నమస్కారం అండి. బెంగళూరు మారతహళ్లి నుంచి మాట్లాడుతున్నాను. అనంతపురం, మదనపల్లె వైపు నుంచి అమ్మానాన్నలను మోకాళ్ల ఆపరేషన్‌కు ఇక్కడికి తీసుకొచ్చేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. డాక్టర్ మాట్లాడేది పది నిమిషాలు. ఆ తర్వాత రాత్రంతా టెన్షన్, యూట్యూబ్. అందుకే ఈసారి ఫోన్లు, మిక్సీలు పక్కన పెట్టి ఆ వీడియోలనే రివ్యూ చేస్తున్నాను. నేను డాక్టర్‌ని కాదు, ఇంట్లో పేషెంట్ ఉన్నవాడిగా చూశాను, అంతే.

ముందు బాగా వ్యూస్ వచ్చే రకం. 'మరుసటి రోజే నడిచిన పెద్దావిడ'. వెనక మ్యూజిక్, పక్కన నర్సుల చప్పట్లు, కింద అపాయింట్‌మెంట్ నంబరు. అబద్ధమేం లేదు. కానీ ఆపరేషన్ రోజో, మరుసటి రోజో వాకర్ పట్టించి నడిపించడం ఇప్పుడు చాలా చోట్ల మామూలే. అసలు కష్టం తర్వాతి వారాల్లో: వాపు, రాత్రిళ్లు నొప్పి, కాలు పూర్తిగా చాచడం, కనీసం 90 డిగ్రీలు మడవడం. ఆరో వారంలో ఆవిడ ఎలా ఉందో ఎవరూ చూపించరు! నా లెక్కలో ఇది ప్రకటన. దాటేయండి.

రోబో సాయంతో చేసే ఆపరేషన్ వీడియోలు చూడ్డానికి భలే ఉంటాయి. ఎముక కోత కచ్చితంగా వస్తుందన్నది నిజమే. దానివల్ల ఏళ్ల తర్వాత మోకాలు ఇంకా మెరుగ్గా పనిచేస్తుందని మాత్రం ఇంకా గట్టిగా తేలలేదు. నేను చూసిన వాటిలో ఆ మాట ఎవరూ అనలేదు. ఏ ఇంప్లాంట్ (మోకాల్లో అమర్చే కృత్రిమ కీలు) వేస్తారో, దాని ధర ఎంతో కూడా చెప్పలేదు. 2017 ఆగస్టులో కేంద్రం వీటికి గరిష్ఠ ధర పెట్టింది. మామూలు కోబాల్ట్ క్రోమియం లోహపు సెట్‌కు అప్పట్లో జీఎస్టీ కాకుండా 54,720 రూపాయలు. బిల్లులో ఇంప్లాంట్ ధర విడిగా చూపించమని అడగండి.

ఇలాంటి సమాచారాన్ని తూచడానికి బ్రిటన్‌లో డిస్కర్న్ అని 16 ప్రశ్నల పట్టిక తయారు చేశారు. ముప్పులు చెప్పారా, చికిత్స చేయించుకోకపోతే ఏమవుతుందో చెప్పారా, సమాచారం ఎప్పటిదో తెలుస్తోందా, ఇలా. ఈ మూడు అడిగితేనే పైన చెప్పిన రెండు రకాలూ ఫెయిల్.

ఇక నాకు నచ్చింది ఒక ఫిజియో చేసిన వీడియో. లైటింగ్ సరిగా లేదు, మాటల మధ్యలో ఆటో హారన్లు. కానీ పడుకున్నప్పుడు మోకాలి కింద దిండు పెట్టొద్దని, అలా అలవాటైతే కాలు చాపడం కష్టమవుతుందని, మడమ కింద చుట్టిన తువ్వాలు పెట్టుకోమని ఆవిడ చేసి చూపించింది. మా ఇంట్లో అందరూ సుఖమని దిండే పెడుతున్నారు! మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. అదీ చూపించింది. పిక్కలో వాపు, నొప్పి, జ్వరం, కుట్ల దగ్గర చీము వస్తే వెంటనే హాస్పిటల్‌కు ఫోన్ చేయమంది. ఊపిరి ఆడకపోతే ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకే వెళ్లమంది.

లోపం ఒకటుంది. ఏ వ్యాయామం ఏ వారంలో మొదలుపెట్టాలో చెప్పలేదు. అది మీ ఫిజియోనే అడగాలి. ఐదుకు నాలుగు.