పిల్లాడి గతం తవ్వకుండానే టీచర్ చేయగలిగిన పని

నమస్కారం. స్కూళ్లకు సంబంధించి ఈ మధ్య తరచుగా వినిపిస్తున్న మాట ట్రామా ఇన్ఫార్మ్డ్ పద్ధతి. ట్రామా అంటే మనసుకు తగిలిన గాయం. ఇంట్లో హింస చూసిన పిల్లలు, పట్టించుకునే పెద్దవాళ్లు లేక పెరిగినవాళ్లు, అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లు క్లాసులో ఎందుకలా ప్రవర్తిస్తారో అర్థం చేసుకుని స్కూలు తన తీరు మార్చుకోవడం అన్నమాట. ఈ సంగతి ఎత్తగానే కొందరు "అంటే ఏం చేసినా ఊరుకోవాలా?" అంటారు. ఇంకొందరు "అయితే ముందు ఆ పిల్లాడికి ఏం జరిగిందో కనుక్కుందాం" అంటారు. మొదటివాళ్లకు జవాబు చెప్పడం తేలికే. నా భయమంతా రెండోవాళ్లతోనే.

ఈ పద్ధతికి బలం వచ్చింది 1990ల్లో అమెరికాలో, శాన్ డియాగోలో జరిగిన ఒక పెద్ద అధ్యయనం నుంచి. విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా అనే డాక్టర్ల బృందం 17 వేలకు పైగా పెద్దవాళ్లను వాళ్ల బాల్యం గురించి అడిగింది. ఇంట్లో కొట్టేవాళ్లా, అవమానించేవాళ్లా, తాగుడు సమస్య ఉండేదా, అమ్మను కొట్టడం చూశారా, ఇలాంటి ప్రశ్నలు. సుమారు మూడింట రెండొంతుల మంది కనీసం ఒకదానికి అవునన్నారు. అలా అవునన్నవి ఎక్కువయ్యేకొద్దీ పెద్దయ్యాక డిప్రెషన్, మద్యం అలవాటు, గుండె జబ్బు ఎక్కువగా కనిపించాయి.

1998లో మొదటి ఫలితాలు వచ్చాయి. తర్వాత జనం ఆ ప్రశ్నలను మార్కుల పట్టీలా వాడటం మొదలుపెట్టారు. ఈ పిల్లాడికి నాలుగు, ఆ అమ్మాయికి ఆరు! చివరికి 2020లో ఆండాయే సహచరులతో కలిసి వ్యాసం రాయాల్సి వచ్చింది. ఈ స్కోరు జనాభా తీరు తెలుసుకోవడానికే తప్ప, ఒక్కో మనిషి గురించి నిర్ణయం తీసుకోవడానికి కాదని. ఒకే స్కోరు వచ్చిన ఇద్దరి అనుభవాల్లో నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా ఉండొచ్చు మరి.

సరే, క్లాసులోకి వద్దాం. చదవమనగానే ఒక పిల్లాడు పుస్తకం విసిరికొట్టాడు. టీచర్ గొంతు పెంచారు, దగ్గరికొచ్చి మీద వాలినట్టు నిలబడ్డారు, "ఎందుకు చేశావ్, చెప్పు!" అన్నారు. అప్పటికే వాడి ఒళ్లంతా ప్రమాదం ముంచుకొచ్చినట్టు ఉంది. గుండె దడదడలాడుతోంది, ఆలోచించి మాట్లాడే శక్తి బాగా తగ్గిపోయింది. ఆ నిమిషంలో ఆ ప్రశ్నకు వాడి దగ్గర జవాబు ఉండదు. మౌనంగా ఉంటే పొగరంటాం, నోరు తెరిస్తే ఎదురు మాట్లాడుతున్నాడంటాం. అందరూ ఇలా తిరగబడరు కూడా. కొందరు బల్ల మీద తల వాల్చి బిగుసుకుపోతారు. వాళ్ల వల్ల క్లాసుకు ఇబ్బంది లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

అయితే ఒక్క క్షణం. ఆ పుస్తకం విసరడం గతంలోని గాయం వల్లేనని ఎవరు చెప్పారు? రాత్రి నిద్ర లేకపోయి ఉండొచ్చు. కుదురుగా ఉండనివ్వని, ధ్యాస నిలవనివ్వని ఏడీహెచ్‌డీ కావచ్చు. అసలు చదవడమే రాక, నలుగురిలో నవ్వులపాలవుతానని భయపడి ఉండొచ్చు. క్లాసులో నిలబడి టీచర్ దీన్ని తేల్చలేరు. తేల్చాల్సిన పనీ లేదు, ఎందుకంటే కారణం ఏదైనా ఆ మొదటి పది నిమిషాల్లో చేయాల్సింది దాదాపు ఒక్కటే. గొంతు తగ్గించడం. కాస్త దూరంగా, పక్కకు తిరిగి నిలబడటం. మిగతా పిల్లలకు పని అప్పజెప్పి అందరి చూపూ వాడి మీంచి తప్పించడం. "ఇక్కడే కూర్చుంటావా, తలుపు దగ్గర కూర్చుంటావా?" అని రెండే దారులు చూపించడం. మానసిక వైద్యుడు బ్రూస్ పెర్రీ చెప్పే వరస కూడా ఇదే: ముందు శాంతపరచు, తర్వాత దగ్గరవు, ఆపైనే కారణాలు మాట్లాడు.

ఇక ఆ "ఊరుకోవాలా?" అన్నవాళ్లకు. ఊరుకోనక్కర్లేదు. శాంతించాక, అవసరమైతే మర్నాడు, కూర్చోబెట్టి మాట్లాడాలి. చిరిగిన పుస్తకం వాడే అతికించాలి. దెబ్బ తగిలిన పిల్లలు ఎవరైనా ఉంటే వాళ్లకు సర్దిచెప్పాల్సింది కూడా వాడే. ఏ పనికి ఏ పర్యవసానమో ముందే తెలిసి ఉండాలి, ఈ రోజు ఒకలా, రేపు టీచర్ మూడ్‌ని బట్టి ఇంకోలా మారకూడదు.

దీనివల్ల ఫలితం ఉంటుందా? అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో వాలా వాలా అనే ఊళ్లో లింకన్ హైస్కూల్ పేరు అందరూ చెబుతారు. అక్కడ 2010లో ప్రిన్సిపల్ జిమ్ స్పోర్లెడర్ ఈ దారి పట్టాక సస్పెన్షన్లు బాగా తగ్గాయి. సంతోషమే. కానీ సస్పెండ్ చేయడం తగ్గించాలని స్కూలే అనుకున్నాక ఆ లెక్క తగ్గడం వింతేమీ కాదు కదా! 2019లో, పరిశోధనలను సమీక్షించే క్యాంప్‌బెల్ సంస్థ తరఫున పరిశోధకులు ఆధారాలన్నీ జల్లెడ పడితే, స్కూలు మొత్తానికీ వర్తించే ఈ పద్ధతి మీద వాళ్లు పెట్టుకున్న ప్రమాణాలకు నిలిచిన అధ్యయనం ఒక్కటీ దొరకలేదు. పనిచేయదని దానర్థం కాదు, అప్పటికింకా సరిగా పరీక్షించలేదని.

లాస్ ఏంజిలిస్‌లో హింసకు గురైన 126 మంది ఆరో తరగతి పిల్లలతో జరిగిన ప్రయోగం మాత్రం నాకు బాగా నచ్చింది. 2003లో అచ్చయింది. శిక్షణ పొందిన మానసిక ఆరోగ్య నిపుణులు స్కూల్లోనే పిల్లలను చిన్న గుంపులుగా కూర్చోబెట్టి 10 సెషన్లు నడిపారు. మూడు నెలల్లో పిల్లల్లో ట్రామా లక్షణాలు, దిగులు తగ్గాయి. కానీ టీచర్లు చెప్పిన క్లాసు ప్రవర్తనలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు! లోపలి బాధ తగ్గించే పని నిపుణులది. క్లాసు నడిపే తీరు వేరే పని. రెండు గంటల వర్క్‌షాప్ పెట్టి రెండూ టీచర్ నెత్తిన రుద్దితే ఎలా?

ఒకవేళ పిల్లలే వచ్చి ఏదైనా చెబితే మాత్రం పాఠం ఆపి వినండి. తరచి తరచి అడగకండి, "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకండి. విన్నది విన్నట్టు రాసిపెట్టి, స్కూల్లో పిల్లల రక్షణ బాధ్యత ఎవరిదో వాళ్లకు ఆ రోజే చెప్పండి.