వియన్నా వంటింట్లో తాళాల కుర్రాళ్ళు

సభకు నమస్కారం. నేడు నేను మాట్లాడబోయేది ఆస్ట్రియా రాజధాని వియన్నా ఇళ్ళలో తరతరాలుగా చేసుకుంటున్న ఒక తీపి వంటకం గురించి. దాని పేరు ష్లోసర్‌బూబెన్. తాళాలు చేసేవాడి దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్ళు అని ఆ జర్మన్ మాటకు అర్థం. తినే పదార్థానికి ఆ పేరెందుకు వచ్చిందో తెలియాలంటే ముందు దాని తయారీని దగ్గరగా చూడాలి.

ముడతలు పడిన నల్లని ఎండు ఆల్‌బుకరా పండ్లను గోరువెచ్చని నీళ్ళలోనో కాస్త రమ్ములోనో నానబెట్టి, మెత్తబడ్డాక గింజ తీసి, ఆ ఖాళీలో పొట్టు తీసిన బాదంపప్పునో, బాదంపొడి, పంచదార కలిపి ముద్ద చేసిన మార్జిపాన్‌నో పెడతారు. పూర్ణాన్ని తోపు పిండిలో ముంచి బూరెలు వేసే మనకు తరువాతి పని కొత్త కాదు. అయితే వాళ్ళ తోపు మైదాది. అందులో గుడ్డు పచ్చసొన, వైట్ వైన్ కలిపి, విడిగా నురుగు వచ్చేదాకా గిలక్కొట్టిన తెల్లసొనను చివరగా చేరుస్తారు. నురుగులోని గాలి, కాగిన నూనెలో త్వరగా ఆవిరయ్యే ఆల్కహాలు కలిసి పైపొరను తేలికగా, కరకరలాడేలా చేస్తాయి. బంగారు రంగు రాగానే తీసి, వేడివేడిగానే తురిమిన చాక్లెట్టులో, పంచదారలో దొర్లించాలి. చల్లారాక దొర్లిస్తే చాక్లెట్టు అంటుకోక రాలిపోతుంది. నల్లని పొడి పట్టిన ఆ ఉండలు మసి పూసుకున్న పనికుర్రాళ్ళలా ఉంటాయి కనుకనే ఆ పేరు.

ఈ కుర్రాళ్ళకు జోడుగా వెషర్‌మేడెల్, అంటే బట్టలుతికే అమ్మాయిలు, ఉన్నారు. ఇక్కడ పండు ఆప్రికాట్, లోపల మార్జిపాన్, పైన తెల్లని పంచదార పొడి మాత్రమే. 19వ శతాబ్దపు వియన్నాలో లిష్టెన్‌టాల్ వంటి పేటల్లో బట్టలుతికి బతికిన స్త్రీలను ఊరంతా ఎరుగును. చక్రవర్తి పేరు పెట్టుకున్న కైజర్‌ష్మార్న్ ఆ నగరపు వంటలలో ఎక్కువ ప్రసిద్ధమే కావచ్చు. నాకు మాత్రం పనివాళ్ళ పేర్లను మోస్తున్న ఈ రెండు వంటకాల మీదే మక్కువ ఎక్కువ.

ఆస్ట్రియన్లు ఆప్రికాట్‌ను మరిల్లె అంటారు. 1995లో యూరోపియన్ యూనియన్‌లో చేరినప్పుడు తమవైన 23 ఆహార పదాలకు ఒప్పందంలో గుర్తింపు సాధించుకున్నారు. వాటిలో మరిల్లె ఒకటి. డాన్యూబ్ ఒడ్డున వాఖౌ లోయలో ఈ పండు జూలైలో పక్వానికి వస్తుంది గనుక, తాజా మరిల్లెతో అమ్మాయిలను వండుకోవాలంటే ఆ కొద్ది వారాలే అదను. కుర్రాళ్ళది ఎండు పండు కాబట్టి, మంచు కురిసే రోజుల్లో కూడా మూకుడు పొయ్యి మీద పెట్టుకోవచ్చు.